గోడ నుంచి నాలుగోది

చేట ఉండాల్సిన రాయి మీద కొడవలి బయటపడింది.

మొన్న ఈస్టరుకు ముందటి శనివారం పొద్దున, మా ఊరి సమాధుల దొడ్డిలో జరిగిన సంగతి ఇది. మా నాయనమ్మదని నలభై ఏళ్ళకు పైగా మేము ఏటా సున్నం వేయిస్తూ, బంతిపూలు పెడుతూ, కొవ్వొత్తులు వెలిగిస్తూ వచ్చిన రాయి అది. పూత మీద పూత పడి సున్నం వేలి మందాన పేరుకుపోయి, ఈసారి పెచ్చులు లేవడం మొదలుపెట్టింది కనుక, పాతదంతా గీకించి కొత్తగా వేయిద్దామని మా అక్కయ్య పట్టుబట్టింది. ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తోంది. నేను ఆమెకు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. దొడ్డికి కాపరిగా ఉన్న ఆడమనిషి గొంతుకూర్చుని, చిన్న ఉలిని రాతికి ఏటవాలుగా ఆనించి, సుత్తితో మెల్లగా తడుతూ పెచ్చులు లేపుతోంది. ముందు ఒక వంపు కనపడింది. చేట అంచు అనుకుని సంతోషించాను. ఆ వంపు పోనుపోను సన్నబడి మొనదేలింది. రెండో కొసన పొట్టి పిడి బయటపడింది.

"ఇది చేట కాదు పంతులమ్మగారూ," అంది కాపరి, ఉలి దించకుండానే.

"చేటే. ఇంకాస్త గీకు," అంది అక్కయ్య.

"గీకితే కొడవలి చేటవుద్దా?"

అక్కయ్య నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళకు పైగా పేపర్లో పనిచేసినవాణ్ణి కనుక ఏం జరిగినా నా దగ్గర ఒక కారణం ఉంటుందని ఆమె నమ్మకం. నాకు ఆ క్షణాన కారణమేదీ తోచలేదు. ఒక పాత అనుమానం మాత్రం ఎక్కడో పడుకుని ఉన్నది లేచి కూర్చుంది. ఆ అనుమానం ఇప్పుడు నా ఎదుట ఉలి పట్టుకుని కూర్చున్న ఈ మనిషి తండ్రి మీద. ఆయన కూడా ఈ దొడ్డికే కాపరిగా ఉండేవాడు. రాళ్ళు మార్చేశాడన్న నింద మీద చర్చి సంఘపెద్దలు ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆ నిందను మొట్టమొదట అచ్చులో పెట్టింది నేనే.

ఇదంతా అర్థం కావాలంటే రాళ్ళ సంగతి ముందు చెప్పాలి.

మా ఊరు చిలకలూరిపేటకు బస్సులో ముప్పావు గంట దూరం. నల్లరేగడి నేల, పత్తి, మిరప, ఆ చేలల్లో కూలి చేసుకునే మావాళ్ళు. ఊరి బయట రోడ్డు పక్కన ఉన్న సమాధుల దొడ్డి తెల్లదొరల కాలంలోది. ఒక మూలన చిన్నవయసులోనే జ్వరం వచ్చి పోయిన ఒక దొరసాని సమాధి ఉంది. దాని మీద పాలరాతి పలక, ఇంగ్లీషు అక్షరాలు, వాటి పైన తొడిమ వంగిపోయిన పూమొగ్గ చెక్కి ఉంటాయి. ఆ మొగ్గ ఎందుకని అప్పటి మావాళ్ళు అడిగితే, విచ్చుకోకముందే రాలిపోయిందని చెప్పడానికి, అని చర్చిలో బోధ చేసే ఆనాటి ఉపదేశి విడమరిచి చెప్పాడట. ఆ మాట మావాళ్ళకు బాగా పట్టింది. మనకు చదవను రాదు, చచ్చినవాళ్ళకూ రాదు, అలాంటప్పుడు రాతి మీద అక్షరాలు ఎవరికోసం, బతికినన్నాళ్ళూ చేతిలో ఏది ఉందో అదే చెక్కిస్తే చూసినవాళ్ళకు మనిషి గుర్తొస్తాడు కదా అనుకున్నారు. అప్పటినుంచి కొన్ని తరాలపాటు మా ఊళ్ళో సమాధి రాళ్ళ మీద పైన చిన్న సిలువ, దాని కింద ఒక పనిముట్టు. పేరు ఉండేది కాదు, తేదీ ఉండేది కాదు.

ఆ బొమ్మలు చెక్కింది పెద్ద శిల్పులెవరూ కాదు. అరిగిపోయిన రోళ్ళకు, తిరగళ్ళకు మళ్ళీ గాట్లు పెడతానని కేకేసుకుంటూ ఊరూరా తిరిగే ఒక ఆయన ఉండేవాడు. మిరపకోతల ముందు మా ఊరికి వచ్చి, ఇళ్ళల్లో రోళ్ళ పని అయ్యాక, ఆ ఏడాది పోయినవాళ్ళ రాళ్ళు పట్టేవాడు. రోట్లో పెట్టే గాట్లే ఇక్కడా పెట్టేవాడు. దగ్గరికెళ్ళి చూస్తే ఏవో చుక్కలు, నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒక కావడో, నాగలో కనపడేది. బళ్ళో అక్షరాలు దిద్దకముందే నేనూ అక్కయ్యా ఆ రాళ్ళను చదవడం నేర్చుకున్నాం. గంట ఉన్నది గుడిగంట కొట్టే ముసలాయనది. నాలుగు తొనలుగా పగిలిన పత్తికాయ ఉన్నది పత్తి తీతకు వెళ్ళి పాము కరిచి పోయిన ఒక అత్తది. ఒక రాయి మీద మాత్రం ఐదువేళ్ళూ చాపిన అరచెయ్యి ఒక్కటే ఉండేది. అది దొంగ చెయ్యి అని పిల్లలందరం దానికి దూరంగా నడిచేవాళ్ళం. చీకటి పడితే అది వేళ్ళు ముడుస్తుందని కూడా చెప్పుకునేవాళ్ళం. పెద్దయ్యాక ఎప్పుడో తెలిసింది, అది గోడలకు పిడకలు చరిచి అమ్ముకుని బతికిన ఒక ముసలమ్మదని. ఆ సంగతి తెలిసిన రోజున నవ్వుకున్నాను గానీ, అందులోంచి నేర్చుకోవలసింది నేర్చుకోలేదని ఇప్పుడనిపిస్తోంది.

మా నాయనమ్మది చేట. అమ్మానాన్నా గుంటూరులో పొగాకు పనికి వెళ్ళి అక్కడే ఉండిపోతే, నన్నూ అక్కయ్యనూ పెంచింది ఆవిడే. కళ్ళాల్లో గింజ చెరగడానికి, మిరపకాయల్లోంచి తాలుకాయ ఏరడానికి ఆవిడ చెయ్యి పడాల్సిందేనని రైతులు ఇంటికి వచ్చి పిలుచుకెళ్ళేవారు. మిరపకాయల కాలంలో ఆవిడ మమ్మల్ని అరచేతులతో తాకేది కాదు. మంట మా ఒంటికి అంటుతుందని, రెండు మణికట్లతో మా మొహాలు పట్టుకుని దగ్గరికి లాక్కునేది. అక్కయ్య బళ్ళో చదువుకుని, ట్రైనింగు అయ్యి, పొన్నూరులో పంతులమ్మ అయ్యిందంటే ఆ చేట చలవే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. రాళ్ళాయన చేట చెక్కుతుంటే పక్కన కూర్చుని చూశాను. అల్లిక కనపడాలని అడ్డంగా, నిలువుగా గీతలు పెట్టాడు. అంత శ్రద్ధగా చెక్కినది ఆ దొడ్డిలో ఇంకోటి లేదని మా ఇద్దరికీ గర్వంగా ఉండేది.

అంత గర్వపడ్డవాళ్ళం, దాన్ని మా చేతులతోనే పూడ్చేశాం. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళ్ళడం మావాళ్ళ ఆనవాయితీ. అందుకని ముందురోజు ఎవరి రాయికి వాళ్ళు సున్నం వేయాలి. ఎంత చిక్కగా వేస్తే అంత ప్రేమ. పది పన్నెండు ఈస్టర్లు తిరిగేసరికి చేట, కొడవలి, గంట, అన్నీ సున్నంలో మునిగిపోయి దొడ్డిలో రాళ్ళన్నీ ఒకే తీరుగా తెల్లటి గడ్డలైపోయాయి. దానికి ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే అప్పటికి ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉంది. మా నాన్న మాకు అప్పజెప్పిన లెక్క: వేపచెట్టు వరసలో, రోడ్డు గోడ నుంచి నాలుగోది.

ఇక నా ఉద్యోగం సంగతి. చదువు అయ్యాక చిలకలూరిపేటలో ఒక దినపత్రికకు విలేకరిగా కుదిరాను. జిన్నింగు మిల్లుల సమ్మెలు, పత్తి ధరలు, లారీ ప్రమాదాలు, ఇవే మా వార్తలు. కాగితాల మీద రాసి, కవరులో పెట్టి, సాయంత్రం గుంటూరు బస్సు కండక్టరు చేతికిచ్చేవాళ్ళం. ఆ బస్సు తప్పిపోతే ఆ రోజు ప్రపంచంలో ఏమీ జరగనట్టే. నా వయసు విలేకరులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ బస్సు వెనక పరుగెత్తిన పరుగులు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అనుమానించడం మా పనిలో మొదటి పాఠం. ఎవరు ఏది చెప్పినా, ఇతను ఇది ఎందుకు చెబుతున్నాడు అని లోపల ఒకసారి అనుకోవాలని మా సీనియరు నేర్పాడు. ఆ అలవాటు ఇంట్లో భోజనం దగ్గర కూడా పోయేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు. సమాధుల దొడ్డి గోడ కొట్టేసి, రెండు బారలు లోపలికి జరిపి మళ్ళీ కట్టారు. సొంత ఊరి సంగతి కనుక నేను ఆరు లైన్ల వార్త పంపాను. అది లోపలి పేజీలో ఒక మూలన వచ్చింది. ఆ మరుసటి ఈస్టరుకు దొడ్డిలో పెద్ద గొడవ. కొవ్వొత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళు తమ రాయి దగ్గర ఇంకెవరో మోకాళ్ళ మీద ఉండటం చూసి నిర్ఘాంతపోయారు. మాది మూడోదంటే మాది మూడోదని, మీ ముత్తాతను ఇంకోచోట వెతుక్కోమని, దేవుడి పాటలు పాడాల్సిన వేళ ఒకరినొకరు చొక్కాలు పట్టుకున్నారు. వేపచెట్టు వరస మాత్రం ప్రశాంతంగా ఉంది. ఆ వరస వాళ్ళందరూ గోడ నుంచి అంకెలే లెక్కపెట్టేవాళ్ళు, అందరి లెక్కా కలిసింది. మిగతా వరసల్లో కొందరు అంకె పట్టుకుని వచ్చారు, కొందరు చోటు గుర్తుపెట్టుకుని వచ్చారు. చివరికి అందరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, కాపరి రాళ్ళు మార్చాడని. ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుని మంచిచోటు వాళ్ళకు కట్టబెట్టడానికే మార్చాడని.

నేను ఆ మాట వెంటనే నమ్మడానికి ఒక కారణం ఉంది. గొడవకు నెలా రెండు నెలల ముందు ఒక సాయంత్రం, బస్సు దిగి నడిచి వస్తూ, కాపరి గడ్డపారతో ఒక సమాధి రాయిని లేపుతుండగా నా కళ్ళతో చూశాను. నన్ను చూసి ఆయన గడ్డపార కింద పెట్టాడు. ఆ కింద పెట్టడం నాకు అనుమానంగా కనపడింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఊరి పిల్లవాడు పేపర్లో పనిచేస్తున్నాడు కదా అని గౌరవంగా పలకరించడానికే పెట్టాడేమో. 'సమాధుల తారుమారు? కాపరిపై అనుమానాలు' అన్న శీర్షికతో వార్త పంపాను. మధ్యలో ఉన్న ప్రశ్నార్థకం వేరే ఎవరో పెట్టింది కాదు, నేనే పెట్టాను. తెలియనిదాన్ని తెలిసినట్టు రాసి, ఆ గుర్తు కింద తలదాచుకోవడం మా వృత్తిలో అందరికీ అలవాటే. ఆ వారంలోనే సంఘపెద్దలు ఆయన్ని తీసేశారు. నేను కవరు ఇవ్వడానికి బస్టాండులో నిలబడి ఉంటే ఆయన వచ్చాడు. అరుస్తాడనుకుని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"గోడోళ్ళు పడగొడితే ఒరిగిన రాళ్ళు నిలబెట్టానయ్యా," అన్నాడు. "చూసింది రాశావు బాబూ. చూడనిది కూడా రాశావు."

అంతే, వెళ్ళిపోయాడు. తర్వాత చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాడని, ఆ దూది దుమ్ముకు దగ్గు పట్టుకుందని, కొన్నేళ్ళకు పోయాడని విన్నాను. నేను అప్పటికి గుంటూరు డెస్కులో ఉన్నాను. ఆయన తర్వాత వచ్చిన కాపరులెవరూ నిలబడలేదు. ఆ పని ఎవరికీ పట్టక, తీసేసిన మనిషి కూతురినే సంఘపెద్దలు మళ్ళీ పిలిచి పెట్టుకున్నారు.

ఆవిడే ఇప్పుడు నా ముందు ఉలి పట్టుకుని కూర్చుంది. కొడవలి బయటపడ్డందుకు ఆమె ముఖంలో ఏ ఆశ్చర్యమూ లేకపోవడం నేను గమనించాను. గమనించి ఊరుకుంటే బాగుండేది.

"మీ నాన్న అప్పట్లో రాళ్ళు కదిలించాడు కదా," అన్నాను.

ఆమె లేచి, చీర చెంగుతో ఉలి తుడుచుకుంది.

"ఇదిగో, వచ్చేశావు. నలభై ఏళ్ళయినా అక్కడే ఉన్నావు పేపరన్నా. రా, ఇట్రా."

నన్ను గేటు బయటికి తీసుకెళ్ళింది. రోడ్డు మీద మిరపకాయల టిక్కీ బస్తాల లారీలు గుంటూరు యార్డుకు వరసగా పోతున్నాయి, ఆ ఘాటుకు నాకు దగ్గు వస్తోంది. తారుకూ గోడకూ మధ్య ఉన్న గడ్డిలో, వేపచెట్టుకు ఎదురుగా ఒకచోట ఆగి, కాలితో గుండ్రంగా గీత గీసింది.

"ఇక్కడ మా తమ్ముడు. మూడు నెలల పిల్లోడు. పసిపిల్లల్ని గోడ వారనే పెట్టేవాళ్ళుగా? వరసకొకడు. మీ వరసలో మొదటోడు మావోడే. ఇక్కణ్ణించి లెక్కెట్టు."

నాకు చప్పున గుర్తొచ్చింది. నిజమే, పాత గోడ వెంబడి చిన్న చిన్న మట్టి దిబ్బలుండేవి, రాళ్ళుండేవి కావు, తలవైపు ఒక ఇటుక ఉండేది. మా నాన్న వేలు చూపించి లెక్కపెట్టేటప్పుడు ఆ దిబ్బతోనే మొదలుపెట్టేవాడు. గోడ లోపలికి జరిగినప్పుడు ఆ దిబ్బలన్నీ బయటికి, రోడ్డువైపుకు పోయాయి. గోడ జరిగిందని ఊళ్ళో అందరికీ తెలుసు. దాంతోపాటు ఒకటో అంకె కూడా పోయిందని ఎవరికీ తట్టలేదు. నేను ఆ గీత దగ్గర నిలబడి ఒకటి అనుకున్నాను. గోడ మీదుగా లోపలికి చూస్తూ రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. నాలుగు వచ్చి ఆగింది మా రాయి మీద కాదు, దానికి ఇవతల రాయి మీద. ఇప్పటి గోడ నుంచి అది మూడోది.

"మా నాన్న పోయేదాకా ప్రతి ఈస్టరుకీ ఆ రాయి కాడే మీ నాయనమ్మకి కొవ్వొత్తి పెట్టాడు, మీరు రాకముందే," అంది.

"మరి ఇన్నేళ్ళూ నువ్వెందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు? ఆయన చెప్తేనే ఇనలేదు, నే చెప్తే ఇంటారా?"

ఆమె మాటకు నాకు కళ్ళు చెమర్చాయని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. ఆ మాట వినగానే నేను అనుకున్నది, ఈమె ఇది ఎందుకు చెబుతోంది అని. తండ్రి పేరు నిలబెట్టుకోవాల్సిన మనిషి, సాక్ష్యం ఆమె ఒక్కతే, కొవ్వొత్తి సంగతి చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని మర్నాడు ప్రార్థన అయ్యాక, ఆ కుటుంబాలవాళ్ళను అడిగి పక్క వరసలో రెండు రాళ్ళు గీకించాను. ఒకదాని మీద గంట బయటపడింది, అది సరిగ్గా కాపరి కూతురి లెక్క ప్రకారం ఉండాల్సిన చోటే ఉంది. రెండోదాని మీద కావడి వచ్చింది. అది ఏ లెక్కకూ అందలేదు, ఉండాల్సినదానికి రెండు రాళ్ళ అవతల ఉంది. ఒరిగిన రాళ్ళు నిలబెట్టేటప్పుడు ఆయన పొరపాటున మార్చాడో, కావాలనే మార్చాడో, అసలు కావడాయన విషయంలో ఊళ్ళోవాళ్ళ జ్ఞాపకమే తప్పో ఎలా చెప్పగలం? గుంటూరులో ఇంటికి వచ్చి పాత వార్తలు అతికించుకున్న నోటుపుస్తకం తీశాను. గోడ జరిపిన ఆరు లైన్లూ, కాపరి మీద రాసిన వార్తా ఒకే పేజీలో పక్కపక్కన ఉన్నాయి. నా చేత్తో అతికించినవే. రెండింటి మధ్య వేలెడు ఖాళీ కూడా లేదు.

తేల్చగలిగేది ఆ మూడో రాయి ఒక్కటే. దాని మీద చేట ఉంటే కాపరి నిర్దోషి, నేను అబద్ధం రాసినవాణ్ణి. లేకపోతే ఏమిటన్నది అప్పుడు చూసుకోవచ్చు.

కానీ ఆ రాయి ఇప్పుడు వేరేవాళ్ళది. ఊళ్ళో టైలరు గారి కుటుంబం దాన్ని తమ నాయనమ్మదిగా చూసుకుంటోంది. వాళ్ళదీ గోడ లెక్కే, వాళ్ళకూ మూడోదనే అప్పజెప్పారు. నిరుడు టైలరు గారు పోతే, మూడో రాయికీ నాలుగో రాయికీ మధ్య ఉన్న ఒక్క మనిషి చోటులో ఆయన్ని పెట్టారు. అసలు వాళ్ళ నాయనమ్మ రాయి ఇప్పటి లెక్కలో రెండోది కావాలి. కానీ ఆ వరసలో మొదటి రెండు రాళ్ళూ ఎప్పుడో గ్రానైటు తొడుక్కున్నాయి, చూసే వీల్లేదు. నేను టైలరు గారి పెద్దకొడుకు షాపుకు వెళ్ళి, రాయి గీకి చూసి, మళ్ళీ మా ఖర్చుతోనే సున్నం వేయిస్తామని చెప్పాను. అతను మిషను తొక్కడం ఆపలేదు.

"చూసి ఏం చేస్తావ్ బాబాయ్? చేట వచ్చిందనుకో. మా నాన్నని తవ్వి తీసుకెళ్ళమంటావా?"

"అలా ఎందుకంటాను?"

"మరి మా నాన్న వాళ్ళమ్మ పక్కన పడుకోలేదని ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పనా? నువ్వు చెప్తావా? పేపర్లో రాస్తావా?"

అతని భయం నాకు అర్థమైంది, ఎందుకంటే అదే భయం మా ఇంట్లోనూ ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ మా అక్కయ్య పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఊరికి తిరిగి వచ్చింది నాయనమ్మ పక్కన చోటు కోసమే. సంఘపెద్దల్ని అడిగి, నాలుగో రాయికి అవతల ఉన్న ఖాళీ తనకని నోటిమాటగా ఒప్పించుకుంది. నాలుగో రాయి నాయనమ్మది కాకపోతే ఆ చోటు ఎవరో కోతలవాడి పక్కన చోటు. మూడోది నాయనమ్మదైతే ఆమె పక్కన ఇప్పటికే టైలరు గారున్నారు, ఇంకొకరికి జాగా లేదు.

అక్కయ్యకు అంతా చెప్పాను. అంతా విని అడిగింది, "కాపరి కూతురికి క్షమాపణ చెప్పావా?"

"రాయి చూడనీ అక్కయ్యా. చూశాక చెబుతాను."

"చూశాక చెప్పేది వార్తరా. క్షమాపణ ముందు చెప్పాలి."

"చేట లేకపోతే?"

"నాకు మణికట్లు గుర్తున్నాయిరా, నాకు రాయి ఎందుకు," అంది. అని, కాసేపటికి తనే, "అయినా చూస్తే బాగుండు," అంది.

సంఘపెద్దల కమిటీకి ఒక కాగితం పెట్టాం. ఈస్టరు తర్వాత మూడో ఆదివారం కూర్చుని మాట్లాడదామన్నారు. ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు టైలరు గారి కొడుకు చిలకలూరిపేట నుంచి మేస్త్రీని పిలిపించి, మూడో రాయికి నాలుగువైపులా సిమెంటు పెట్టి తెల్ల టైల్సు అతికించేశాడు. పైన నల్లరాతి పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో వాళ్ళ నాయనమ్మ పేరు, కింద టైలరు గారి ఫొటో పింగాణీ మీద అచ్చువేయించింది. అందంగానే ఉంది. నేను వెళ్ళి చూశాను.

ఇప్పుడు దొడ్డిలో సగానికి పైగా ఇలాగే ఉన్నాయి. పేరు, తేదీలు, ఫొటో, ఒక వాక్యం, చదువుకున్న పిల్లలున్న ఇళ్ళైతే ఇంగ్లీషులో. మావాళ్ళందరికీ అక్షరాలు వచ్చాయి, అందులో మా అక్కయ్య చెప్పినవి కూడా ఉన్నాయి, సంతోషించవలసిన సంగతే. అయినా ఆ పలకల మధ్య నడుస్తుంటే మనిషి ఏం చేసి బతికాడో ఒక్కచోటా తెలియదు. పుట్టాడు, పోయాడు అని మాత్రం తెలుస్తుంది. రోళ్ళు పోయి మిక్సీలు వచ్చాక రాళ్ళాయన లాంటివాళ్ళు ఈ చుట్టుపక్కలకు రావడం మానేశారు. మిరపకాయలు ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలకు పోతున్నాయి. చేట చూపించి ఇదేమిటని అడిగితే మా మనవలు తడుముకుంటారు. ఒకప్పుడు నేను అనుమానంతో ఒక మనిషిని చూసిన చోట, ఈరోజు మిగిలిన సున్నపు రాళ్ళన్నిటినీ అనుమానంగా చూస్తున్నాను, దేని కింద ఎవరున్నారో అని. కాపరి కూతురు ఎదురుపడితే ఇద్దరం వానల గురించి మాట్లాడుకుంటాం.

కమిటీ ఇంకా కూర్చోలేదు. అక్కయ్య చోటు కాగితం మీద ఎవరూ సంతకం పెట్టలేదు. నేను చెప్పవలసిన మాట నేను చెప్పలేదు. కొడవలి రాయికి అక్కయ్య మళ్ళీ సున్నం వేయనివ్వలేదు, అది అలాగే బయటికి కనపడుతూ ఉంది. దాని ఇవతల, గోడ నుంచి మూడో రాయి మీద, టైల్సు కింద, సున్నం కింద ఏముందో ఎవరూ చూడలేదు.